బొగ్గు రైలు గంటలో ఎలా నిండుతుంది? గోరంట్ల బోరు మోటారుకు దానితో పనేంటి?

2022 ఏప్రిల్ గుర్తుందా? రంజాన్ నెల మొదలై వారం కూడా కాకముందే రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇళ్లకు కూడా గంటల తరబడి కరెంటు పోయింది. సహరీకి లేచి సెల్‌ఫోన్ లైటు వెలుగులో వండుకున్న ఇళ్లు ఎన్నో. అయితే గోరంట్ల లాంటి ఊళ్లలో కరెంటు పోవడమంటే ఒట్టి చీకటి కాదు. ఇక్కడ చెరువుల కన్నా బోర్లే దిక్కు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు. మోటారు ఆడకపోతే ఇంటి మీద ట్యాంకు నిండదు, మసీదులో వజూకు నీళ్లుండవు, మల్బరీ తోటకు తడి అందదు.

ఎందుకు పోయిందయ్యా అంటే అప్పట్లో ఎక్కువగా వినిపించిన జవాబు ఒక్కటే: బొగ్గు లేదు. ఎండలకు వాడకం పెరగడం, బయట కొందామన్నా కరెంటు దొరక్కపోవడం కూడా కారణాలే. కానీ బొగ్గు విషయంలో ఒక చిత్రం ఉంది. గనుల దగ్గర బొగ్గు కుప్పలు ఉన్నాయి. కరెంటు ప్లాంట్ల దగ్గర లేవు. మధ్యలో మోసుకొచ్చే రైళ్లు చాల్లేదు. బొగ్గు రైళ్లకు దారి ఇవ్వడానికి ఆ నెలాఖరులో రైల్వే దేశవ్యాప్తంగా ప్యాసింజర్ రైళ్లను రద్దు చేయాల్సి వచ్చింది కూడా.

రైళ్లు చాలకపోవడానికి ఒక కారణం పట్టాల మీద ఉంటుంది, ఇంకో కారణం గని దగ్గర ఉంటుంది. ఒక రైలు గని పక్కన నిండడానికి ఆరు గంటలు నిలబడితే ఆ ఆరు గంటలూ అది ఇంకో ప్లాంటుకు లేనట్టే. అదే గంటలో నిండి కదిలితే అదే రైలు ఇంకా ఎక్కువ ట్రిప్పులు వేయగలదు. అందుకే బొగ్గును వ్యాగన్లలోకి నింపే యంత్రాల గురించి గోరంట్లలో కూర్చున్న వాళ్లు కూడా తెలుసుకోవడంలో తప్పేం లేదు.

గోరంట్ల రోడ్డు ముద్దనూరుకు

గోరంట్లకు రైలు లేదు. రైలెక్కాలంటే హిందూపురమో, పెనుకొండో పోవాల్సిందే. కానీ హిందూపురం నుంచి గోరంట్ల, కదిరి, పులివెందుల మీదుగా వెళ్లే రోడ్డు పట్టుకుని చివరిదాకా పోతే కడప జిల్లా ముద్దనూరు వస్తుంది. ఆ పక్కనే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్. అందరూ ఆర్టీపీపీ అంటారు. తొలి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పుడు 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. సీమలో ఒక్క బొగ్గు గని కూడా లేదు. దీనికి కావాల్సిన బొగ్గు ప్రధానంగా తెలంగాణలోని సింగరేణి గనుల నుంచి వందల కిలోమీటర్లు రైల్లో రావాలి.

ఎంత రావాలి? మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాములు కాలుతుంది. 210 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే గంటకు దాదాపు 147 టన్నులు, రోజుకు 3,500 టన్నులు. ఒక గూడ్సు రైలుకు 58 వ్యాగన్లు, వ్యాగన్‌కు 60 టన్నుల లెక్కన చూస్తే అది సరిగ్గా ఒక రైలు. అంటే ఒక్క యూనిట్‌కు రోజుకో రైలు.

ఇదే లెక్క పొలం దాకా తెచ్చుకోవచ్చు. 10 హెచ్‌పీ బోరు మోటారు తొమ్మిది గంటలు ఆడితే 67 యూనిట్లు. ఆ కరెంటంతా బొగ్గుతోనే వచ్చిందనుకుంటే కాలింది 47 కిలోలు. దాదాపు ఒక సిమెంటు బస్తా బరువు. ఒక వ్యాగన్ బొగ్గు అలాంటి పన్నెండు వందల మోటార్లను ఒక రోజు ఆడిస్తుంది.

గ్రిడ్‌లో కలిసిపోయాక ఏ కరెంటు ఎక్కడిదో విడదీయలేం, నిజమే. పగలు కదిరి దిక్కున ఎన్.పి.కుంట సోలార్ పార్కు ఉంది, రామగిరి కొండల మీద గాలి మరలున్నాయి. కానీ మగ్రిబ్ దాటాక సోలార్ చేతులెత్తేస్తుంది. ఇఫ్తార్ తర్వాత తిరిగే ఫ్యాన్లకు, తరావీహ్ వేళ వెలిగే లైట్లకు ఇప్పటికీ పెద్ద దిక్కు థర్మల్ ప్లాంట్లే.

తట్టా చెమ్మస్ కాలం

తెలుగు నేల మీద బొగ్గు కథ నిజాం ఏలుబడిలో మొదలైంది. 1871లో జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కులు వచ్చాయి. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. దగ్గర్లోని సింగరేణి ఊరి పేరే కంపెనీ పేరైంది. అదే కాలంలో నిజాం రైల్వే లైను సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా వచ్చింది. డోర్నకల్ నుంచి ఇల్లెందుకు కొమ్మ లైను పడింది. బొగ్గు కోసం రైలు, రైలు ఇంజన్ కోసం బొగ్గు. ఒకదాన్ని విడిచి ఇంకోటి లేదు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో మెజారిటీ షేర్లు కొనేసింది. దేశంలో బొగ్గు గనుల జాతీయకరణ 1970లలో జరిగితే హైదరాబాద్ రాజ్యంలో పాతికేళ్ల ముందే బొగ్గు సర్కారు చేతికి వచ్చిందన్నమాట. మన పెద్దల చరిత్రలో ఇదొక మరుగున పడిన ముచ్చట.

ఆ రోజుల్లో యంత్రమంటే మనిషి నడుమే. గని లోపల బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే పనికి సింగరేణిలో తట్టా చెమ్మస్ పని అని పేరు. తట్ట అంటే గంప, చెమ్మస్ అంటే పార. ఫిల్లర్ అనే ఉద్యోగం అదే. పాతిక కిలోలు పట్టే తట్టతో ఇప్పటి వ్యాగన్ ఒక్కటి నింపాలంటే 2,400 తట్టలు మోయాలి. రైలంతా నింపాలంటే లక్షా 39 వేల తట్టలు. అప్పటి వ్యాగన్లు చిన్నవి కాబట్టి సాగింది గానీ ఇప్పుడు ఆ పద్ధతిలో ఒక్క రైలు నింపడానికి ఊరు ఊరంతా కదలాలి.

బంకరు, పేలోడర్, సైలో

తర్వాత వచ్చింది సీహెచ్‌పీ. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటుకు అది పొట్టి పేరు. కొత్తగూడెం దగ్గర రుద్రంపూర్ సీహెచ్‌పీ లాంటివి సింగరేణి ప్రాంతంలో అందరికీ తెలిసినవే. పని తీరు చూడ్డానికి పిండి గిర్నీని పెద్దది చేసినట్టుంటుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో షావెల్ ఎత్తిన బొగ్గును డంపర్ తెచ్చి పెద్ద గుంతలాంటి హాపర్‌లో కుమ్మరిస్తుంది. అక్కడ్నించి క్రషర్‌లోకి పోయి పెద్ద గడ్డలు పగిలి చిన్నవవుతాయి. ఆ తర్వాత కన్వేయర్ బెల్టు ఎక్కుతాయి. బెల్టు మీద వేలాడే పెద్ద అయస్కాంతం బోల్టులూ ఇనుప ముక్కలూ లాగేస్తుంది. చివరికి బొగ్గు రైలు పట్టాల పైన కట్టిన బంకర్లోకి చేరుతుంది. బంకరు అడుగున గేట్లు. కింద వ్యాగన్ ఆపి గేటు తెరిస్తే బొగ్గు జారి పడుతుంది.

ఇందులో ఒక లోపం ఉంది. గేటు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అనేది ఆపరేటర్ కంటి అంచనా. చెయ్యి తిరిగిన ఆపరేటర్ ఒకటి రెండు టన్నుల తేడాతో నింపగలడు. కొత్తవాడైతే అంతకంటే ఎక్కువే తేడా రావచ్చు. అసలు బరువు తెలిసేది రైలు ముందుకు పోయి తూకం పట్టాలెక్కాకే. అప్పుడు ఎక్కువైంది తీయాలి, తక్కువైంది పోయాలి. వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి. గంటలు గంటలు పోయేది ఇక్కడే.

బంకరు లేని సైడింగుల్లో పేలోడర్లు పనిచేస్తాయి. మన ఊళ్లో ఇసుక ఎత్తే జేసీబీకి అన్నయ్య అనుకోండి. పట్టాల పక్కన ఎత్తుగా కట్టిన ప్లాట్‌ఫారం మీద బొగ్గు కుప్ప పోసి ఉంటుంది. లోడర్ తొట్టెతో ఎత్తి వ్యాగన్లో వేస్తుంది. తొట్టెకు ఐదు టన్నులు వేసుకున్నా వ్యాగన్‌కు 12 తొట్టెలు, రైలుకు దాదాపు 700. ఐదారు లోడర్లు ఒకేసారి దిగినా కొన్ని గంటల పని. తొట్టె తగిలి వ్యాగన్ గోడలు సొట్టలు పడతాయి, దుమ్ము లేస్తుంది, కుప్ప అడుగున ఉన్న మట్టీ రాళ్లూ బొగ్గుతో పాటే ఎక్కేస్తాయి. రాత్రిపూట మరీను.

ఈ రెండింటికీ మందుగా వచ్చిందే రాపిడ్ లోడింగ్ సిస్టమ్. దూరం నుంచి చూస్తే పట్టాల మీద నిలబెట్టిన కాంక్రీటు గోపురంలా ఉంటుంది. దాన్నే సైలో అంటారు. వేల టన్నుల బొగ్గు ముందుగానే బెల్టు మీద వచ్చి అందులో నిండి ఉంటుంది. సైలో కింద ఇంకో చిన్న తొట్టె, ప్రీ వే బిన్. అసలు గమ్మత్తు ఇందులోనే ఉంది. ఈ తొట్టె నేరుగా లోడ్ సెల్స్ మీద కూర్చుని ఉంటుంది. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా లోపల ఉండేదీ అదే. బరువు పడగానే లోపలి ఉక్కు దిమ్మె కంటికి కనబడనంత వంగుతుంది. ఆ వంపును దానికి అంటించిన సన్నటి తీగ కరెంటు మార్పుగా చూపిస్తుంది. కాటా కిలోలు చెబితే ఇది టన్నులు చెబుతుంది, అంతే తేడా.

రైలు ఆగదు. ఇంజన్ గంటకు కిలోమీటరు కన్నా తక్కువ వేగంతో, పసిపిల్లాడు పాకినంత నిదానంగా లాగుతూనే ఉంటుంది. రాబోయే వ్యాగన్ ఏ రకం, ఎంత పట్టాలి అన్నది కంప్యూటర్‌కు ముందే తెలుసు. పైనుంచి తొట్టెలోకి సరిగ్గా అంతే బొగ్గు దిగుతుంది. వ్యాగన్ కిందికి రాగానే చూట్ అనే కదిలే గొట్టం వ్యాగన్ నోట్లోకి వంగుతుంది, గేటు తెరుచుకుంటుంది. వ్యాగన్ కదులుతుండగా బొగ్గు ముందు నుంచి వెనక్కి పరుచుకుంటూ పోతుంది. చూట్ అంచు దాన్ని చదును చేస్తుంది కూడా. రెండు వ్యాగన్ల మధ్య సందు రాకముందే గేటు మూసుకుని చూట్ పైకి లేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో తొట్టె మళ్లీ నిండాలి. ఒక్కో వ్యాగన్‌కు దాదాపు నిమిషం. 58 వ్యాగన్ల రైలు పొడవు 620 మీటర్లు. గంటకు 0.6 కిలోమీటర్ల వేగంతో కదిలితే గంటా రెండు నిమిషాల్లో మొత్తం సైలో కిందినుంచి దాటిపోతుంది. కేబిన్‌లో కూర్చుని చూసేది ఇద్దరు ముగ్గురు.

ఇలాంటి లోడింగ్ చోట్ల రైలు కరెంటు తీగ సాధారణంగా సైలో కిందికి రానివ్వరు. అది 25,000 వోల్టుల తీగ. కాబట్టి డీజిల్ ఇంజన్‌తోనే లాగుతారు. ఇంత కరెంటు పుట్టించే బొగ్గును నింపే చోట మాత్రం డీజిలే గతి.

కిలోల లెక్క, రూపాయల లెక్క

పనితనం వేగంలో మాత్రమే ఉందనుకుంటే సగమే తెలిసినట్టు. మిగతా సగం తూకం. బాక్స్ఎన్ అనే మామూలు బొగ్గు వ్యాగన్‌కు ఇరుసులు నాలుగు. ఒక్కో ఇరుసు 20.32 టన్నులు మోయాలని లెక్క, మొత్తం 81.28 టన్నులు. ఖాళీ వ్యాగన్ బరువు సుమారు 22.5 టన్నులు తీసేస్తే 58 టన్నుల పైచిలుకు బొగ్గు. తర్వాతి కాలంలో చాలా రూట్లలో రైల్వే ఇంకొన్ని టన్నులకు అనుమతి ఇచ్చింది. కొత్త రకం వ్యాగన్లు 70 టన్నుల దాకా మోస్తాయి.

అంతకు మించి పోస్తే స్ప్రింగులు విరుగుతాయి, ఇరుసు వేడెక్కుతుంది, పట్టా చిట్లుతుంది. బరువు ఒక పక్కకే పడితే వ్యాగన్ పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. అందుకే 1989 రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద ఓవర్‌లోడ్‌కు జరిమానా కిరాయి కట్టాలి. పోనీ భయపడి తక్కువ పోస్తే? అప్పుడూ నష్టమే. వ్యాగన్‌కు రాసిపెట్టిన బరువుకు కిరాయి వసూలవుతుంది, లోపల ఎంతుందనేది మీ ఖర్మ. వ్యాగన్‌కు రెండు టన్నులు తగ్గినా రైలు మొత్తం మీద 116 టన్నులు. అంటే దాదాపు రెండు వ్యాగన్లు ఖాళీగా, పూర్తి కిరాయి కట్టి సీమ దాకా తిరిగొచ్చినట్టు. ఇక గడువులోగా నింపకపోతే గంటకింత, వ్యాగన్‌కింత అని డెమరేజ్ వేరే.

ఆ ఖర్చంతా ఎక్కడికి పోతుంది? బొగ్గు ధర, రైలు కిరాయి పెరిగితే కరెంటు తయారీ ఖర్చు పెరుగుతుంది. ఇంధన సర్దుబాటు చార్జీ అని బిల్లు కింద కనిపించే వరుసకు మూలాల్లో అదొకటి. గోరంట్లలో టైలరింగ్ మిషన్ నడుపుకునే ఇంటికి కూడా ఆ వరుస కనిపిస్తుంది. తూకం సరిగ్గా ఉండాలన్న మాట మన ఇళ్లలో పిల్లలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడ కాటా కొట్టువాడి ముందు కాకుండా గని పక్కన ఉంది, అంతే.

తూకం కుదిరినా సరుకు కుదరాలి. బొగ్గును వేడి ఇచ్చే శక్తిని బట్టి జీ1 నుంచి జీ17 దాకా గ్రేడులుగా విడగొట్టారు. లోడింగ్ చోటే శాంపిల్ తీసి గ్రేడు తేల్చడానికి మూడో పక్షాన్ని పెట్టే పద్ధతి వచ్చింది. క్రషర్, బెల్టు దాటి వచ్చిన బొగ్గు నుంచి శాంపిల్ తీయడం తేలిక. లోడర్ ఎత్తిపోసిన కుప్పలో పైన ఒకటి, అడుగున ఒకటి ఉంటుంది. గడ్డ రాళ్లు వస్తే అవతల ప్లాంటులో బొగ్గు దంచే మిల్లులు దెబ్బతింటాయి.

అలాగని సైలో ఉంటే అన్నీ ఉన్నట్టు కాదు. వెనక బెల్టు తెగితే సైలో ఖాళీ. వానాకాలంలో తడిసిన బొగ్గు బంకమట్టిలా గోడలకు అంటుకుని దిగదు. గంటలో నిండాల్సిన రైలు అప్పుడు మళ్లీ పాత కథే. 2021, 2022లలో మంత్రులు ఎన్ని ప్రకటనలు చేసినా ఈ తడి బొగ్గు మాత్రం ఎవరి మాటా వినలేదు.

పోయిన చేతులు

దీనికి ఇంకో పక్క ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. బొగ్గు మాత్రం అప్పుడు ఏడాదికి 2 కోట్ల టన్నుల లోపు, 2023-24లో 7 కోట్ల టన్నులు. ఇందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్ గనుల వల్ల జరిగింది. భూగర్భ గనుల్లో ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాక ఫిల్లర్ పనే కరిగిపోయింది. నడుములు విరిగే పని పోయిందని సంతోషించాలా, దాని మీద బతికిన ఇళ్లు పోయాయని బాధపడాలా అంటే రెండూ నిజమే.

సత్తుపల్లిది దగ్గరి ఉదాహరణ. అక్కడి ఓపెన్‌కాస్ట్ బొగ్గు ఏళ్ల తరబడి లారీల్లో కొత్తగూడెం దాకా వెళ్లేది. దారి పొడవునా ఊళ్లకు దుమ్ము, పిల్లల్ని బడికి పంపే తల్లులకు భయం. ఇప్పుడు భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైల్వే లైను పడింది. బొగ్గు అక్కడే వ్యాగనెక్కుతోంది. ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఆ ట్రిప్పుల మీద బతికిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు, దారిలో టీ కొట్టువాళ్లు వేరే దారి చూసుకోవాల్సిందే. గని నుంచి సైడింగ్ దాకా లారీలు తగ్గించి బెల్టులు, సైలోలు పెట్టాలన్నదే కేంద్ర బొగ్గు శాఖ ఫస్ట్ మైల్ కనెక్టివిటీ పథకం. కాబట్టి ఇది సత్తుపల్లితో ఆగదు.

గోరంట్ల, కదిరి, హిందూపురం దిక్కున డ్రైవింగ్, జేసీబీ, బోరు లారీల మీద బతికే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ యంత్రాలు అడిగే పని వేరు. బెల్టు తెగితే అతికే వల్కనైజింగ్ పనివాడు, గేర్‌బాక్స్ విప్పి బిగించే ఫిట్టర్, లోడ్ సెల్ తప్పు చూపిస్తే సరిచేసే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ప్యానెల్ చూసే ఎలక్ట్రీషియన్. సింగరేణి పర్మనెంట్ కొలువుల్లో ఎక్కువ భాగం తెలంగాణ స్థానికులకే కాబట్టి అక్కడి మీద ఆశ పెట్టుకోలేం. కానీ ఇదే బెల్టు, ఇదే క్రషర్, ఇదే కాటా ముద్దనూరు ప్లాంటులోనూ, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ, కృష్ణపట్నం ఓడరేవులోనూ ఉన్నాయి. పదో తరగతి అయిన అబ్బాయిని ఏ ట్రేడులో చేర్పించాలని ఆలోచిస్తున్న ఇళ్లు ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ సీట్ల గురించి అడ్మిషన్ల నోటిఫికేషన్ పడ్డ వారంలోనే కనుక్కోవడం మంచిది.